ఒక్కరోజులో ఆరు చోట్లు చూపిస్తారా? స్కూల్ ట్రిప్పులపై అపోహలు – వాస్తవాలు

నవంబరు మొదలైతే చాలు, నా ఫోను మోగుతూనే ఉంటుంది. విజయవాడ, గుంటూరు స్కూళ్లకు ఎడ్యుకేషనల్ ట్రిప్పులు ప్లాన్ చేసి పెట్టడం నా పని. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే ట్రిప్పులు. ప్రిన్సిపాల్ గారు అడిగినా, పిల్లవాడి అమ్మ అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని చోట్లు చూపిస్తారు?" దీనికి ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పేకంటే ఒకసారి వివరంగా రాసేయడం నయమనిపించింది.

అపోహ: ఎన్ని చోట్లు తిప్పితే పిల్లలకు అంత లాభం

ఈమధ్య ఒక స్కూలు కరస్పాండెంట్ గారు పక్క స్కూలు వాళ్ల కరపత్రం తెచ్చి నా ముందు పెట్టారు. ఉండవల్లి గుహలు, అమరావతి గుడి, మ్యూజియం, ధ్యాన బుద్ధ విగ్రహం, కొండపల్లి బొమ్మలు, భవానీ ద్వీపం. మొత్తం ఆరు. "వాళ్లు అదే డబ్బుకి ఆరు చూపిస్తుంటే మీరు రెండే అంటారేంటండీ? పేరెంట్స్‌కి నేనేం చెప్పుకోవాలి?" అన్నారు. ఆయన ఇబ్బంది నాకు తెలుసు. అడ్మిషన్లు పక్క స్కూలుకి పోతాయని భయం. కానీ ఆ కరపత్రంలో రాసిన రోజు ఎక్కడా జరగదు.

వాస్తవం: లెక్క వేసి చూడండి. ఉదయం 8కి బయల్దేరి సాయంత్రం 6కి తిరిగి రావాలంటే మన చేతిలో ఉన్నది 10 గంటలు. 45 మంది పిల్లలు ఒక్క తలుపులోంచి దిగి, లైను కట్టి, లెక్క సరిపోయి, లోపలికి నడిచేసరికి పావుగంట. తిరిగి ఎక్కడానికి ఇంకో పావుగంట. అంటే ఒక్కో చోటుకు అరగంట ఊరికే పోతుంది. ఆరు చోట్లకు 3 గంటలు. భోజనానికి గంట. ఇక రోడ్డు. అమరావతి, కొండపల్లి మ్యాపులో నదికి ఈ ఒడ్డున ఒకటి, ఆ ఒడ్డున ఒకటిగా దగ్గరగానే కనిపిస్తాయి, బస్సు మాత్రం చుట్టూ తిరిగి రావాల్సిందే. అన్నీ కలిపి రోడ్డు మీదే నాలుగున్నర గంటలు. మిగిలింది గంటన్నర. ఆరు చోట్లకు పంచితే తలా 15 నిమిషాలు. అందులోనే బాత్రూములు, మంచినీళ్లు, ఫొటోలు. పిల్లలు చూసేది ముందు నడిచేవాడి వీపు, అంతే.

ఫోనులో చూపించే టైము నమ్ముకుని ప్లాన్ వేసేవాళ్లకు ఇంకో మాట. అది కారు టైము. స్కూలు బస్సుకు స్పీడ్ గవర్నర్ ఉంటుంది, గంటకు 60 కిలోమీటర్లు దాటకూడదని రూలు. విజయవాడ నుంచి నాగార్జునసాగర్ 170 కిలోమీటర్లు దాటుతుంది. ఆ బస్సులో, టిఫిన్‌కీ బాత్రూముకీ ఆగుతూ వెళ్తే పోను నాలుగున్నర గంటలు, రాను నాలుగున్నర గంటలు. అయినా ఐదో తరగతి పిల్లలను ఒక్కరోజులో సాగర్ తీసుకెళ్లి రమ్మని అడిగేవాళ్లు ఏటా ఉంటారు. నేను ఒప్పుకోను.

అసలు ప్రమాదం చివర్లో ఉంటుంది. ఆరు చోట్ల ప్లాన్ ఎప్పుడూ ఆలస్యమవుతుంది. సాయంత్రం 6 అన్నది రాత్రి 9 అవుతుంది. తెల్లవారుజామున లేచి బస్సు కడిగి తెచ్చిన డ్రైవరు అప్పటికీ స్టీరింగ్ పట్టుకునే ఉంటాడు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. మామూలుగా రోజుకు 8 గంటల పని, వరసగా 5 గంటలు చేస్తే కనీసం అరగంట విశ్రాంతి అని అప్పుడే అందులో రాశారు. మనం ప్లాను రాసేటప్పుడు పిల్లల టిఫిను రాస్తాం, టీచర్ల టీ రాస్తాం, డ్రైవరు భోజనం, నిద్ర మాత్రం ఎవరూ రాయరు. మీరు ట్రిప్పు ఒప్పుకునే ముందు దయచేసి అడగండి: డ్రైవరు ముందు రోజు రాత్రి డ్యూటీలో ఉన్నాడా? సాయంత్రం ఎన్నింటికి బండి దిగుతాడు? 45 మంది పిల్లల ప్రాణాలు ఆయన చేతిలో ఉంటాయి.

రెండు చోట్లతో ఏమొస్తుందంటారా? గత చలికాలం ఒక స్కూలు ఎనిమిదో తరగతిని ఉండవల్లి, అమరావతి మ్యూజియం మాత్రమే తీసుకెళ్లాం. మ్యూజియంలో ఒకమ్మాయి పూర్ణఘటం చెక్కిన రాయి ముందు ఆగిపోయింది. కాసేపు చూసి, "మేడమ్, ఇది గవర్నమెంట్ కాగితాల మీద ఉండే కుండే కదా!" అంది. మిగతా పిల్లలంతా వచ్చి మూగారు. అవును, మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఆ పూర్ణఘటమే. సోషల్ మేడమ్ అక్కడే అందరినీ కూర్చోబెట్టి, ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ 1797లో ఇక్కడి దిబ్బను చూడటం దగ్గర్నుంచి, అందులోని బౌద్ధ స్తూపం రాళ్లు చెన్నై మ్యూజియానికి, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరడం దాకా చెప్పారు. "మనవి వాళ్ల దగ్గరెందుకున్నాయి? అడిగి తెచ్చుకోవచ్చుగా?" అని పిల్లలు మేడమ్‌ను వదల్లేదు. ముప్పావుగంట ఆ రాళ్ల మధ్యే గడిచింది. తర్వాత క్లాసులో అదే పాఠం వచ్చినప్పుడు చెప్పనక్కర్లేకుండానే చేతులు లేచాయని ఆ మేడమ్ ఫోన్ చేసి మరీ చెప్పారు. తలా 15 నిమిషాల ట్రిప్పులో ఆ అమ్మాయికి ఆగే వీలుండేది కాదు, ఎవరో ఒకరు "పదండి పదండి" అని తోసేసేవారు.

ఇంకా చిన్న పిల్లలైతే ఒక్క కొండపల్లి చాలు. తెల్ల పొణికి చెక్కను ఆరబెట్టడం, చెక్కడం, రంపపు పొట్టు చింతగింజల జిగురుతో కలిపి కాళ్లూ చేతులూ అతికించడం, సున్నం పూత, రంగులు. బొమ్మల కాలనీలో ఒక ఇంటి వాళ్లతో ముందే మాట్లాడుకుని, అక్కడే రెండు గంటలు కూర్చోబెట్టండి. షాపులో బొమ్మ కొనుక్కుని వచ్చేస్తే అది షాపింగే అవుతుంది.

అపోహ: పిల్లలకు నీళ్లు తక్కువ ఇస్తే దారిలో బాత్రూము గొడవ ఉండదు

ఇది వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఫిబ్రవరి ఎండలో కూడా నీళ్లు తాగొద్దని చెప్పే టీచర్లున్నారు. ఆడపిల్లలైతే ఎవరూ చెప్పకుండానే పొద్దున్నుంచి నీళ్లు మానేస్తారు, దారిలో ఎలాంటి బాత్రూము దొరుకుతుందోనని. తలనొప్పి, కళ్లు తిరగడం, మధ్యాహ్నానికి ఒకరిద్దరు సీట్లో పడుకోవడం చాలామట్టుకు దీనివల్లే. నీళ్లు ఆపడం పరిష్కారం కాదు, బాత్రూములు ముందే చూసి పెట్టుకోవాలి. నేను రూటు చూడ్డానికి వెళ్లినప్పుడు మొదట చూసేది వాటినే: తలుపు గడియ పడుతుందా, నీళ్లొస్తున్నాయా, ఎన్ని ఉన్నాయి? 45 మందికి రెండే ఉంటే అరగంట పైనే పడుతుంది, ఆ అరగంట ప్లానులో ఉండాలి. నెలసరి టైములో ఉందని అమ్మాయిని ఇంట్లో ఆపేసే తల్లులకు కూడా ఇదే చెబుతాను. మీ భయం అర్థమవుతుందమ్మా, కానీ ఆపకండి. లేడీ టీచర్ బ్యాగులో ప్యాడ్లు, పాత పేపర్లు, ఒక జత అదనపు బట్టలు ఉంటాయి. లేకపోతే పెట్టమని మీరే అడగండి.

అపోహ: పిల్లలు తప్పిపోతారు, వాట్సాప్‌లో వచ్చింది

ఏ ఊరో ఉండదు, ఏ తేదీయో ఉండదు, "అర్జెంటుగా షేర్ చేయండి" అని మాత్రం ఉంటుంది. అలాంటి మెసేజ్ చూసి ముందు రోజు రాత్రి పేరు తీసేయించిన ఇళ్లున్నాయి. ఆ పిల్లవాడు పొద్దున గేటు దగ్గర నిలబడి ఏడుస్తాడు. భయం ఉంటే స్కూలును అడగాల్సింది వేరే ఉంది. పది మంది పిల్లలకు ఒక టీచరు ఉన్నారా? ఇంజను స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ పేరు పిలిచి లెక్క చూస్తారా? నీళ్ల దగ్గరికి తీసుకెళ్తున్నారా? ఈ మూడోదే నన్ను నిజంగా భయపెట్టేది. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. అందుకే లైఫ్ జాకెట్ అందరికీ లేని పడవలో, పరిమితికి మించి ఎక్కించే పడవలో పిల్లలను ఎక్కించను. డబ్బు కట్టేసి ఉన్నా సరే, వెనక్కి తిప్పేస్తాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. శుక్రవారం అమరావతి మ్యూజియంకు సెలవు. ఇది చూసుకోకుండా వచ్చి గేటు ముందు బస్సు ఆపుకున్న స్కూళ్లున్నాయి. ఉండవల్లి లాంటి పురావస్తు శాఖ స్థలాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టిక్కెట్ లేదు, కాబట్టి "ఎంట్రీ ఫీజు" అని వసూలు చేస్తే దేనికని అడగండి. పిల్లలే కదా అని సీటుకు ముగ్గురిని కూర్చోబెట్టకూడదు, ఆర్‌సీలో ఎన్ని సీట్లుంటే అంతమందే. బస్సు నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువు ఎంపరివాహన్ యాప్‌లో కనిపిస్తుంది, రెండు నిమిషాల పని. ఖాళీ కడుపుతో ఎక్కితే వాంతులు కావన్నది తప్పు. నూనె లేని తేలిక టిఫిను పెట్టి, ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. వాంతుల మాత్ర వేయాలంటే డాక్టరును అడిగి ఇంటి దగ్గరే వేసి పంపండి, బస్సెక్కాక వేస్తే పెద్దగా పనిచేయదు.

చివరగా, అంగీకార పత్రం మీద సంతకం పెడితే స్కూలుకు ఇక బాధ్యత ఉండదని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు, కొన్ని స్కూళ్లు కూడా అలాగే అనుకుంటాయి. అది నిజం కాదు, సంతకం ఉన్నా పిల్లల జాగ్రత్త స్కూలుదే. ఆ కాగితం అసలు పని మీ పిల్లవాడి గురించి మాకు చెప్పడం. ఆయాసం ఉందా, ఏ మందు పడదు, ఏ తిండి పడదు, అన్నీ రాయండి. ఫోను నంబరు మాత్రం ఆ రోజు కచ్చితంగా ఎత్తే మనిషిదే ఇవ్వండి.