నల్లతెర మీద ఆగిపోయిన కంప్యూటర్ గురించి మనవలకు ఉత్తరం

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

ముందుగదిలోని పాత కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లతెర మీద ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అని వచ్చి అక్కడే ఆగిపోతోందని నిన్న మీరు ఫోన్‌లో చెప్పారు. ఫోన్‌లో చెబితే సగం విని మిగతాది తొందరలో చేసేస్తారన్న భయంతో ఉత్తరం రాస్తున్నాను. అందులో ఉన్నది 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ. మీ నాయనమ్మ పాడుతుండగా నేను పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో టైపు చేసిన పెళ్లిపాటలన్నీ దాని డీ డ్రైవ్‌లోనే ఉన్నాయి, మరోచోట లేవు. కనుక బాబాయి ఎవరినైనా పిలిచి ఫార్మాట్ చేయిస్తానంటే, అంటే డిస్కులో ఉన్నదంతా తుడిపించేస్తానంటే, ఈ ఉత్తరం చదివేదాకా ఆగమని నా మాటగా చెప్పండి.

ముందు ఆ వాక్యం ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవాలి. స్విచ్ వేయగానే మదర్‌బోర్డు మీద ఉండే బయాస్ అనే మొదటి ప్రోగ్రాము మెమరీని, కీబోర్డును, డిస్కులను ఒకసారి సరిచూసుకుంటుంది. ఆ తరువాత డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అంటే కేవలం 512 బైట్లను, చదివి పని దానికి అప్పగిస్తుంది. మాస్టర్ బూట్ రికార్డు అనేది దాన్నే. డిస్కు ఏయే భాగాలుగా ఉందో చెప్పే పట్టిక అందులో 64 బైట్లు మాత్రమే. ఆ పట్టికను బట్టి యాక్టివ్ పార్టిషన్, అంటే విండోస్‌ను లేపడానికి గుర్తుపెట్టిన భాగం, దొరుకుతుంది, ఆ పార్టిషన్ మొదట్లో ఉన్న బూట్ సెక్టారు విండోస్‌ను లేపే ఎన్‌టీఎల్‌డీఆర్ అనే ఫైలు కోసం వెతుకుతుంది. ఆ ఫైలు దొరికాక అదే బూట్ డాట్ ఐఎన్‌ఐ అనే చిన్న ఫైలు చదివి విండోస్ ఏ డిస్కులో ఏ భాగంలో ఉందో తెలుసుకొని, ఎన్‌టీడిటెక్ట్ అనే మరో ఫైలు చేత యంత్రభాగాల లెక్క తీయించి, చివరకు విండోస్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది. మీకు కనిపించిన వాక్యం బూట్ సెక్టారు రాసినది. అంటే కరెంటు సరిగానే అందుతోంది, బయాస్ లేచింది, ఏదో ఒక డిస్కు మొదటి సెక్టార్లు చక్కగా చదవగలిగింది. ఇన్ని పనులు జరిగాకనే ఆ వాక్యం వచ్చింది కాబట్టి, దాన్ని చూసి డిస్కు పోయిందనుకోవద్దు. ఇదే వాక్యం చూసి ఒక రిపేరు షాపులో నా మిత్రుడి డిస్కును అడక్కుండా ఫార్మాట్ చేశారు. అతను పదేళ్లపాటు కంపోజ్ చేసిన పుస్తకాల పేజీలన్నీ ఆ మధ్యాహ్నమే పోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

‘ఏదో ఒక డిస్కు’ అన్నానని గమనించారా? ఎక్స్‌పీలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌కు కూడా ఇదే వాక్యం పలికే బూట్ సెక్టారు ఉంటుంది. బయాస్ ముందుగా పెన్‌డ్రైవ్‌ను చూసేలా ఉంటే, అందులో ఎన్‌టీఎల్‌డీఆర్ లేదు గనుక, హార్డ్‌డిస్కు నిక్షేపంగా ఉన్నా తెర మీద ఇదే కనిపిస్తుంది. అందుచేత మొదట పెన్‌డ్రైవ్, కెమెరా కార్డు, సీడీ ఏది ఉన్నా తీసేసి మళ్లీ ఆన్ చేయండి.

అప్పటికీ రాకపోతే, ఆన్ చేసిన వెంటనే డిలీట్ మీట నొక్కుతూ బయాస్‌లోకి వెళ్లి తేదీ చూడండి. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. అది అయిపోతే మనం పెట్టిన బూట్ వరుస, అంటే ఏ డిస్కును ముందు చూడాలన్న క్రమం, కూడా చెదిరిపోతుంది. ఆ బ్యాటరీని మార్చడం మీ చేతనవుతుంది. ప్లగ్గు పూర్తిగా పీకి, డబ్బా ఇనుపరేకును ఒకసారి చేత్తో తాకి, పక్క మూత విప్పండి. రూపాయి బిళ్లలా మెరుస్తూ ఉంటుంది, పైన సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. అంచున ఉన్న చిన్న లోహపు పట్టీని గోటితో పక్కకు నొక్కితే బిళ్ల దానంతటదే పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాలి. మూత తెరిచి ఉండగానే, డిస్కుకు వెళ్లే వెడల్పాటి బూడిదరంగు కేబుల్‌ను రెండు చివరలా మెల్లగా అదిమి చూడండి. ఎండాకాలం గదిలో ఏళ్ల తరబడి ఉన్న యంత్రంలో అది కాస్త వదులు కావడం మామూలే. తరువాత బయాస్‌లో తేదీ సరిచేసి, బూట్ వరుసలో హార్డ్‌డిస్కును మొదట పెట్టి, ఎఫ్10తో సేవ్ చేయండి.

ఇవన్నీ చేశాక కూడా అదే వాక్యం వస్తే ఫైలు నిజంగానే పోయిందని లెక్క. అప్పుడు కూడా ఎక్స్‌పీ సీడీ జోలికి వెళ్లేముందు, డిస్కు ఊడదీసి, డిస్కును యూఎస్‌బీకి కలిపే కన్వర్టర్ కేబుల్‌తో బాబాయి లాప్‌టాప్‌కు తగిలించి డీ డ్రైవ్ మొత్తం కాపీ చేసుకోండి. ఈ మెట్టు దాటవేయవద్దు. ఆ తరువాత బీరువాలోని ఎక్స్‌పీ సీడీతో బూట్ చేసి, మొదటి నీలితెర మీద ఆర్ నొక్కితే ఆదేశాలు టైపు చేసే రికవరీ కన్సోల్ అనే మరమ్మతు తెర వస్తుంది. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ నేను పెట్టలేదు, ఎంటర్ కొడితే చాలు. మ్యాప్ అని టైపు చేస్తే సీడీకి ఏ అక్షరం వచ్చిందో తెలుస్తుంది. సీడీలోని ఐ386 ఫోల్డరు నుంచి ఎన్‌టీఎల్‌డీఆర్‌ను, ఎన్‌టీడిటెక్ట్ డాట్ కామ్‌ను సీ డ్రైవ్ మొదట్లోకి కాపీ చేయండి. అవసరమైతే బూట్ సెక్టారును తిరిగి రాసే ఫిక్స్‌బూట్ ఆదేశం ఇవ్వవచ్చు. మాస్టర్ బూట్ రికార్డును తిరిగి రాసే ఫిక్స్‌ఎమ్‌బీఆర్ మాత్రం ఇవ్వకండి. మాస్టర్ బూట్ రికార్డు మామూలుగా లేదని అది ఒక్కోసారి హెచ్చరిస్తుంది. అక్కడ వై నొక్కితే పార్టిషన్లు అందకుండా పోయే ప్రమాదం ఉంది, మీ సమస్యకు దాని అవసరమూ లేదు.

ఫైళ్లు చేరాక వేరే వాక్యం వస్తే కంగారుపడకండి, యంత్రం ఒక మెట్టు ముందుకు వచ్చిందన్నమాట. హాల్ డాట్ డీఎల్ఎల్ అనే ఫైలు లేదని వస్తే చాలాసార్లు తప్పు ఆ ఫైలులో ఉండదు, బూట్ డాట్ ఐఎన్‌ఐలో దారి తప్పుగా ఉంటుంది. కన్సోల్‌లో బూట్‌సీఎఫ్‌జీ స్లాష్ రీబిల్డ్ అనే ఆదేశం దాన్ని సరిచేస్తుంది. ఎఫ్8 నొక్కితే వచ్చే సేఫ్ మోడ్, లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్ ఎన్‌టీఎల్‌డీఆర్ లేచాకనే పనికివస్తాయి గనుక ఇప్పుడు వాటి కోసం ప్రయత్నించవద్దు.

యంత్రం లేచాక ఇంటర్నెట్ వైరు మాత్రం పెట్టకండి. 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి మద్దతు ఆపేసింది, కొత్తగా బయటపడే లోపాలకు అందులో మందు లేదు. పాటల ఫోల్డరుతో పాటు ఫాంట్ల ఫోల్డరును కూడా రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టండి. అను ఫాంట్లు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల పద్ధతి, కావు, ఫాంటు లేనిచోట ఆ తెలుగంతా అర్థంకాని ఇంగ్లీషు గుర్తుల్లా కనిపిస్తుంది. నా కంటికట్టు విప్పగానే వస్తాను. ఈలోగా పేజ్‌మేకర్ తెరుచుకుంటే, అప్పగింతల పాట ఉన్న పేజీని ప్రింట్ తీసి నాయనమ్మకు ఇవ్వండి. అందులో రెండో చరణం తప్పు టైపు చేశానని ఆమె ఎప్పటినుంచో చెబుతోంది.

ఇట్లు,
మీ తాతయ్య