మూడో తరగతి తరలింపు: అపోహలు – వాస్తవాలు

బడులు తెరిచిన వారంలో నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "మన బడి ఎత్తేస్తారటగా సార్, టీసీ ఇస్తారా?" ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్ 10న ఇచ్చిన జీవో 117 ప్రకారం 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపలి ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు మొదలైన ఈ ప్రశ్న, 2025 మేలో ఆ జీవో రద్దై తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే మోడల్ ప్రైమరీ పాఠశాలలు వచ్చాక కూడా ఆగలేదు. ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా నేను చూసినవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఎలాగూ తరగతులు పోతాయి కనుక ముందే టీసీ తీసుకోవడం మేలు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ప్రాథమిక పాఠశాలలో పోస్టులు పిల్లల నమోదును బట్టే ఉంటాయి. విద్యా హక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలి. జీవో మారినప్పుడల్లా ఈ అంకెలలో హెచ్చుతగ్గులు వచ్చినా, తలలు లెక్కపెట్టి పోస్టులు ఇచ్చే పద్ధతి మాత్రం మారలేదు. 63 మంది ఉన్న బడి నుంచి ముగ్గురు వెళ్లిపోతే ఒక పోస్టు మిగులుగా తేలి సర్దుబాటులో మరో ఊరికి పోతుంది. మిగిలిన ఇద్దరు అయిదు తరగతులు నెట్టుకొస్తుంటే, అది చూసి ఇంకో పది కుటుంబాలు ప్రైవేటు బస్సు ఎక్కిస్తాయి. వదంతి చెప్పిన సంగతిని ఆ వదంతిని నమ్మినవారే నిజం చేస్తారు.

నేను పనిచేసిన ఒక ఊళ్లో సరిగ్గా ఇదే జరిగింది. వాట్సాప్‌లో తిరిగిన ఒక జాబితాను చూసి వారం రోజులలో పదకొండు మంది టీసీలు పట్టుకెళ్లారు. ఆ జాబితాకు సంతకమూ లేదు, తేదీ కూడా లేదు. చివరికి తరగతులు ఎక్కడికీ కదలలేదు గాని, ఒక ఉపాధ్యాయురాలు కదిలారు. ఆగస్టులో ఒక తల్లి ఫీజు కట్టలేక పిల్లవాణ్ణి వెనక్కి తీసుకువచ్చి తలవంచుకొని నిలబడితే, తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆమె భయంలో తప్పేమీ లేదు. ఆ కాగితాన్ని పంచినవారి మీదే నా కోపం. పిల్లవాణ్ణి ఆ రోజే చేర్చుకున్నాం కాని, నమోదు లెక్క అప్పటికే పై అధికారులకు వెళ్లిపోయింది.

అపోహ: జాతీయ విద్యావిధానమే మూడో తరగతిని ఉన్నత పాఠశాలకు పంపమంది.

అనలేదు. 2020 విధానంలోని 5+3+3+4 దశలు పాఠ్యప్రణాళికకు, బోధనకు సంబంధించినవి మాత్రమేననీ, వాటికోసం భవనాల ఏర్పాటును మార్చనవసరం లేదనీ ఆ పత్రంలోనే స్పష్టంగా ఉంది.

అపోహ: ఉన్నత పాఠశాలలోని సబ్జెక్టు టీచరు చెబితే చదువు దానంతటదే బాగుపడుతుంది.

ఎనిమిదేళ్ల పిల్లకు కావలసిన బోధన వేరు. సబ్జెక్టు టీచర్లు చదివే బీఎడ్ ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ నియామకానికి అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇందుకే. అలాగని ఒకే గదిలో అయిదు తరగతులు కూర్చున్న బడి మేలని నేను అనను.

అపోహ: గేటుకు తాళం వేస్తే తరలింపు ఆగుతుంది.

తాళం వేసిన రోజున పిల్లలకు పాఠంతో పాటు మధ్యాహ్న భోజనం కూడా పోతుంది. పాఠశాల యాజమాన్య కమిటీలో చట్టప్రకారం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు కనుక అభ్యంతరాన్ని ఆ కమిటీ తీర్మానంగా రాయించాలి. 1 నుంచి 5 తరగతులకు బడి ఒక కిలోమీటరు లోపల ఉండాలన్నది నిబంధన. అందువల్ల "మా బడి మాకే కావాలి" అని రాసేకంటే, నడక దారి ఎన్ని మీటర్లు, మధ్యలో హైవే గాని కాలువ గాని ఉందా, చేరబోయే బడిలోని మరుగుదొడ్లు చిన్నపిల్లలకు సరిపోతాయా అని రాస్తే అధికారి దానికి జవాబు చెప్పక తప్పదు. మా పక్క ఊరి తల్లులు టేపు పట్టుకొని దారి కొలిచి, లారీలు పోయే మలుపు ఫోటోలు తీసి తీర్మానానికి జతచేశారు. వాళ్ల మూడో తరగతి ఇప్పటికీ ఆ ఊళ్లోనే నడుస్తోంది.