మనిషి బొమ్మ వెయ్యడం: అపోహలు - వాస్తవాలు

నా దగ్గర బొమ్మలు నేర్చుకోడానికి వచ్చేవాళ్ళు మొదటి రోజు దాదాపు ఒకే పని చేస్తారు. ఫోన్ తీసి, అభిమాన హీరో ముఖాన్ని పెన్సిల్‌తో వేసింది చూపిస్తారు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, అంత ఓపిగ్గా వేసి ఉంటారు. సరే, ఎదురు కుర్చీలో కూర్చున్నాయన్ని వెయ్యండి అంటాను. పెన్సిల్ కదలదు.

అపోహ: ముఖం వచ్చేస్తే మనిషి వచ్చినట్టే

మీ నాన్నగారు వీధి చివర నడిచొస్తుంటే, ముఖం ఆనకముందే ఆయనేనని తెలిసిపోతుంది కదా? భుజం వంపు, అడుగు పడే తీరు, సంచీ పట్టుకున్న పద్ధతి చూసి పోల్చుకుంటాం. పోలిక సగం ఒంట్లోనే ఉంది. అందుకే మొదటి నెల నేను ముఖాలు వెయ్యనివ్వను. ఆర్టీసీ బస్టాండుకి తీసుకెళ్తాను.

ఒక్కో బొమ్మకి ఒక్క నిమిషం. తలకి గుడ్డు ఆకారం, వెన్నుకి ఒక గీత, భుజాలకి అడ్డంగా ఒకటి, నడుముకి ఒకటి, అంతే. నిలబడ్డ మనిషి బరువంతా ఒక కాలి మీద వేస్తే ఆ వైపు నడుము పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. మెడ కింది గుంట నుంచి నిట్టనిలువుగా గీత దింపితే, బరువు మోసే పాదం దగ్గర పడుతుంది. ఈ ఒక్కటి తప్పిందా, ఎంత షేడింగ్ చేసినా బొమ్మ పక్కకి పడిపోతున్నట్టే ఉంటుంది. చంకన బిడ్డనెత్తుకున్న తల్లిని గమనించండి. బిడ్డ ఉన్న వైపు నడుము పొడుచుకొస్తుంది, పై ఒళ్ళు రెండోవైపు వాలుతుంది. ఆ రెండు వంపులు పడితే కళ్ళూ ముక్కూ లేకపోయినా ఆవిడ తల్లే.

జనం కదిలిపోతారే అని భయపడతారు. కదిలినవాడు కాసేపటికి మళ్ళీ అదే వాటంలో కూర్చుంటాడు. అందాకా పక్కనే కొత్త బొమ్మ మొదలెట్టండి, తిరిగొచ్చాక పాతది పూర్తి చెయ్యండి. కునుకు తీసేవాళ్ళయితే మనకి దేవుడిచ్చిన మోడళ్ళు. ఎవరైనా గమనించి ఇబ్బంది పడితే మాత్రం పుస్తకం మూసెయ్యండి. చాలామంది "ఏదీ, ఇలా చూపించు బాబూ" అనే అంటారు.

అపోహ: గళ్ళు గీసి ఫోటో దింపితే చెయ్యి తిరుగుతుంది

ఫోటో మీదా కాగితం మీదా గళ్ళు గీసి, ఒక్కో గడినీ చూసి దింపే ఈ పద్ధతిని తక్కువ చెయ్యను. సినిమా బ్యానర్లు చేత్తో వేసే రోజుల్లో చిన్న స్టిల్‌ని గళ్ళ మీదే పెద్ద గుడ్డకి ఎక్కించేవాళ్ళు. కానీ వాళ్ళకి అప్పటికే బొమ్మ వచ్చు, గళ్ళు దాన్ని పెద్దది చెయ్యడానికే. నేర్చుకునేవాడికి గడిలో ముక్క కనిపిస్తుందే తప్ప మనిషి కనిపించడు.

పైగా ఆ ఫోటో సెల్ఫీ అయితే ఇంకో చిక్కు. ఫోన్ ముఖానికి మూరెడు దూరంలో ఉంటుంది. ముక్కు లెన్సుకి దగ్గర, చెవులు దూరం, కాబట్టి ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి. దాన్ని తు.చ. తప్పకుండా దింపి, పోలిక రాలేదని బాధపడతారు. ఫోటోనే దిక్కయితే ఆరేడు అడుగుల అవతల నుంచి తీయించండి.

అపోహ: కొలతలు కంఠస్థం చేస్తే చాలు

తెలిసి ఉండాలి, నిజమే. తల పొడవుతో కొలిస్తే మామూలు మనిషి ఎత్తు ఏడు, ఏడున్నర తలలు. ఏడాది బిడ్డ సుమారు నాలుగు. మన శిల్పులకీ తాళమని ఓ కొలత ఉంది: ముఖం పొడవు ఒక తాళం, 12 అంగుళాలు. ఇవి స్కేలు మీది అంగుళాలు కావు, వేలి వెడల్పు లెక్క. నవతాళ విగ్రహమంటే 108 అంగుళాలు. తొమ్మిదెక్కడ, ఏడున్నరెక్కడ అంటారేమో. తాళం నుదుటి జుట్టు మొదలు నుంచి గడ్డం దాకానే, మాడు లెక్కలోకి రాదు. అందుకే రెండు లెక్కలూ ఇంచుమించు ఒకే ఎత్తుకి వస్తాయి. అరచెయ్యి కూడా, మణికట్టు నుంచి నడిమి వేలి కొస దాకా, ఒక తాళమే. గడ్డం దగ్గర మణికట్టు ఆనించి చూసుకోండి. చెయ్యి చిన్నగా వేసే జబ్బు దీంతో పోతుంది.

ఇంకో కొలత మాడు నుంచి గడ్డం దాకా సరిగ్గా నడిమధ్యన కళ్ళు ఉండటం. కొత్తవాళ్ళు కళ్ళని నుదుటి మీదికి ఎక్కించి మాడు కోసేస్తారు.

అయితే ఈ లెక్కలన్నీ నిటారుగా నిలబడ్డవాడికే. మోకాళ్ళు మీ వైపు పెట్టి కూర్చున్నాడనుకోండి, తొడ పొడవు మాయమైపోతుంది. అక్కడ కంఠస్థం పనిచెయ్యదు. చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొసని ఒక చివరికి పెట్టి, రెండో చివర ఎక్కడొస్తుందో బొటనవేలితో గుర్తుపెట్టి కొలవాల్సిందే.

అపోహ: గీతలు తక్కువ కాబట్టి బాపు బొమ్మ తేలిక

కాపీ కొట్టడం తేలికే. ఆ గీత ఎక్కడ లావెక్కి ఎక్కడ సన్నబడిందో, చీర మడత భుజం దగ్గరే ఎందుకు మొదలైందో తెలియాలంటే మాత్రం చీర కింద ఉన్న మనిషి తెలియాలి. గుడ్డ ఎక్కడ లాగుతుందో మడతలు అక్కడినుంచే పుడతాయి. పంచె కట్టుకున్నాయన కూర్చుంటే మోకాలి దగ్గర చూడండి. ఎముకలూ కండరాల పుస్తకం కూడా ఇంత చూశాక తెరిస్తేనే ఒంటబడుతుంది, ముందే తెరిస్తే పేర్లు మిగులుతాయి. రాజమండ్రి వెళ్తే చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీలో పెయింటింగులతో పాటు స్కెచ్‌లు కూడా చూడండి. అవన్నీ వేసింది 1925లో ముప్ఫై ఏళ్ళయినా నిండకుండా పోయిన మనిషి.

అపోహ: మంచి పెన్సిల్ సెట్ కావాలి

మామూలు రాతకి వాడే హెచ్‌బీ ఒకటి, మెత్తగా నల్లగా పడే 4బీ ఒకటి. డబ్బులుంటే కాగితాల మీద పెట్టండి.

అపోహ: చేతులు కష్టం, తర్వాత చూసుకోవచ్చు

నేనూ అలాగే వాయిదా వేశాను. నా మొదటి ఏడాది పుస్తకంలో మగవాళ్ళందరి చేతులూ జేబుల్లో, ఆడవాళ్ళందరి చేతులూ కొంగు చాటున ఉంటాయి. వేళ్ళు ఒక్కొక్కటీ వెయ్యబోతే అరటి హస్తమే వస్తుంది. ముందు అరచేతిని ఒక పలకలా, నాలుగు వేళ్ళనీ కలిపి ఒకే ముద్దలా, బొటనవేలిని విడిగా వేసి, తర్వాత విడదీయాలి. ఇప్పుడు రోజూ పొద్దున ఎడమచెయ్యి ఒకసారి వేస్తాను. కాఫీ గ్లాసు అంచు పట్టుకున్న వేళ్ళు మాత్రం నాకింకా కుదరలేదు.