కరిగిపోయే స్టెంట్: తనంతట తానే ఊడిపోయే సెంట్రింగ్

"స్టెంట్ వేశాక అది జీవితాంతం లోపలే ఉండిపోతుందా? కరిగిపోయేవి ఉన్నాయంట కదా, హార్ట్ ఎటాక్ వచ్చినోళ్ళకి అవే వేసేస్తే పోలా?" అని అడిగారొకరు. భలే ప్రశ్న. ఒక్క మాట ముందే చెప్పేస్తా, ఇక్కడ కరిగేది స్టెంటు, బ్లాక్ కాదు. వాట్సాప్‌లో తిరిగే బ్లాక్‌లు కరిగించే కషాయాలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

యాంజియోప్లాస్టీ అంటే గుండె రక్తనాళంలో బ్లాక్ (అడ్డు) ఉన్నచోట బెలూన్‌తో తెరవడం, అక్కడ పెట్టే సన్నటి తీగల జాలీ గొట్టమే స్టెంట్, అంతకన్నా వివరాలు వదిలేస్తున్నా. స్టెంట్ చేసేది స్లాబ్ కింద సెంట్రింగ్ చేసే పనే. బెలూన్‌తో తెరిచిన నాళం మళ్ళీ ముడుచుకోకుండా కొన్ని నెలలు మోయాలి, గోడ మానాక దాంతో పని లేదు. స్లాబ్ గట్టిపడ్డాక సెంట్రింగ్ ఎవరైనా ఉంచుకుంటారా? లోహపు స్టెంట్‌ని మాత్రం ఉంచేసుకుంటున్నాం, దాంతో నాళం ఆ ముక్క మేర బిగుసుకుపోయి, అవసరాన్ని బట్టి వెడల్పవడం మానేస్తుంది.

అందుకే పాలీ లాక్టిక్ యాసిడ్‌తో, అంటే లాక్టిక్ యాసిడ్ అణువుల్ని పొడుగు గొలుసులుగా కలిపిన ప్లాస్టిక్ లాంటి పదార్థంతో (పాలిమర్) స్టెంట్లు చేశారు. జపాన్‌లో ఇగాకి-తమాయ్ స్టెంట్‌ని మనుషుల్లో వాడిన తొలి ఫలితాలు 2000లో వచ్చాయి. తర్వాత అబాట్ కంపెనీ చేసిన అబ్సార్బ్ అనే కరిగే స్టెంట్ యూరప్‌లో 2011లో, అమెరికాలో 2016 జులైలో అనుమతి తెచ్చుకుంది. 2017 సెప్టెంబర్‌కల్లా అమ్మకాలు ఆగిపోయాయి!

ఎందుకో తెలియాలంటే అది కరిగే తీరు చూడాలి, నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే. అది పైపొర నించి అరుగుతూ రాదు. నీళ్ళు తీగ లోపలంతా ఇంకిపోయి, లాక్టిక్ యాసిడ్ గొలుసుల్ని కలిపి ఉంచే ఎస్టర్ బంధాల్ని ఎక్కడికక్కడ తెంపుతాయి, తెగిన కొసలు ఆమ్లం కాబట్టి తెగడం ఇంకా వేగమవుతుంది. అంటే ముందు గొలుసు పొట్టిదవుతుంది, తర్వాత బలం పోతుంది, బరువు తగ్గేది ఆఖర్న. బలం ఓ ఆరు నెలలు ఉంటుంది, మొత్తం మాయమవడానికి మూడేళ్ళు. చివరికి మిగిలేది మన కండరాల్లో రోజూ పుట్టే లాక్టిక్ యాసిడే, అది కణాల్లో శక్తి తయారుచేసే క్రెబ్స్ సైకిల్‌లోకి పోయి కార్బన్ డయాక్సైడు, నీళ్ళు అయిపోతుంది (పరీక్ష కోసం బట్టీ పట్టించే ఆ సైకిల్‌ని ఇలా చెప్తే పిల్లలు మర్చిపోతారా?).

చిక్కంతా బలం పోయాక, పూర్తిగా మాయమయ్యేలోపు ఉండే ఆ మధ్య కాలంలో. చెక్కలు పుచ్చిపోయాయి, ఇంకా అక్కడే ఉన్నాయి. వాటి మీద కణజాలం కప్పేసి ఉంటే ఫర్వాలేదు, కప్పకపోతే ముక్కలు రక్తం పారే దారిలోకి వంగి, గడ్డ కట్టడానికి చోటిస్తాయి. పైగా పాలిమర్‌కి లోహమంత గట్టిదనం లేదు కాబట్టి తీగ మందం 157 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పెట్టారు, మామూలు లోహపు స్టెంట్లది 80 దరిదాపుల్లో. మందపు తీగ వెనక రక్తం సుడులు తిరిగి మందగిస్తుంది, గడ్డ కట్టించే ప్లేట్‌లెట్ కణాలకి కావలసిందదే. ఐడా అనే ట్రయల్‌లో (పేషెంట్ల మీద చేసే పరీక్ష) రెండేళ్ళకి స్టెంట్‌లో గడ్డ కట్టింది లోహపు వాటిలో 0.9 శాతం మందికైతే, అబ్సార్బ్‌లో 3.5 శాతం.

ఇక హార్ట్ ఎటాక్ పేషెంట్లు. వాళ్ళలో చాలామందికి బ్లాక్ మెత్తగా, కాల్షియం లేకుండా ఉంటుంది, స్టెంట్ సులువుగా తెరుచుకుంటుంది, కాబట్టి వీళ్ళకే బాగా పనికొస్తుందనుకున్నారు. 191 మందితో చేసిన ట్రోఫీ 2 ట్రయల్‌లో ఆరు నెలలకి నాళం మానిన తీరు లోహపు స్టెంట్లకి తీసిపోలేదు కూడా. కానీ ఎటాక్ టైమ్‌లో నాళం బిగుసుకుని సన్నగా కనిపిస్తుంది, అప్పటి కొలత చూసి వేస్తే తర్వాత నాళం వదులై, స్టెంట్ గోడకి ఆనకుండా మిగిలిపోతుంది, స్లాబ్‌కీ చెక్కకీ మధ్య సందు. సరే పెద్ద బెలూన్‌తో గట్టిగా అదుముదామంటే ఉన్న గడ్డ చితికి కింది సన్న నాళాల్లోకి కొట్టుకుపోతుందని భయం, పాలిమర్‌ని హద్దు దాటి సాగదీస్తే విరుగుతుందని ఇంకో భయం, లోహంలా ఎక్స్‌రేలో కనపడదు కూడా, రెండు కొసల్లో ప్లాటినం చుక్కలు తప్ప!

మెగ్నీషియంతోనూ ప్రయత్నించారు, అది ఏడాదిలోనే చాలావరకు కరుగుతుంది. 150 మంది ఎటాక్ పేషెంట్లతో జరిగిన మ్యాగ్‌స్టెమీ ట్రయల్‌లో నాళం మళ్ళీ అవసరాన్ని బట్టి వెడల్పవడం బాగానే వచ్చింది, కాకపోతే అదే చోట మళ్ళీ చికిత్స చేయాల్సినవాళ్ళు ఎక్కువయ్యారు. సెంట్రింగ్ తొందరగా తీసేసినట్టే అనిపిస్తుంది నాకు.

అందుకే అడిగినాయనకి జవాబు: యూరప్ గుండె డాక్టర్ల 2018 గైడ్‌లైన్స్ వీటిని ట్రయల్స్ బయట వాడొద్దనే చెప్పాయి. ఈలోపు తీగని 99 మైక్రాన్లకి తగ్గించి చేసిన ఎస్‌ప్రిట్ అనే కరిగే స్టెంట్‌కి 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది, గుండెకి కాదు, మోకాలి కింది నాళాలకి.