టంగ్‌స్టన్ మిశ్రమంలో బరువు సరే, బలం ఎలా?

టంగ్‌స్టన్ కరగాలంటే 3,422 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. లోహాలన్నిటిలోకీ ఇదే ఎక్కువ. దాన్ని కరిగించి పోత పోయడం మాటలు కాదు కాబట్టి పొడితోనే పని కానిస్తారు.

నూటికి 90 నుంచి 97 పాళ్లు టంగ్‌స్టన్ పొడి, మిగతాది నికెల్, ఇనుము. కలిపి, రబ్బరు అచ్చులో నింపి, అన్ని వైపుల నుంచీ ఒత్తిడి పెడితే పెళుసైన కడ్డీ తయారవుతుంది. దాన్ని హైడ్రోజన్ ఫర్నేస్‌లో సుమారు 1,460–1,500 డిగ్రీల దాకా వేడి చేస్తారు. దీన్నే సింటరింగ్ అంటారు. నికెల్, ఇనుము కరిగి, కొంత టంగ్‌స్టన్‌ని కూడా తమలో కలుపుకుంటాయి. ఆ ద్రవం సందుల్లోకి పాకి రేణువుల్ని దగ్గరకి లాగుతుంది. కడ్డీ కుంచించుకుపోతుంది, రంధ్రాలు మూసుకుపోతాయి. చల్లారాక ఒక ముక్క కోసి, నునుపుగా పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే, పాకంలో బూందీలా గుండ్రటి టంగ్‌స్టన్ గింజలు కనిపిస్తాయి. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకి 17 నుంచి 18.5 గ్రాములు. ఉక్కుది 7.8 మాత్రమే.

బరువు ఇలా వచ్చేస్తుంది. అసలు టెన్షన్ అంతా బలంతోనే. గింజకీ గింజకీ నేరుగా అతుకు పడిన చోటే పగులు మొదలవుతుంది. టంగ్‌స్టన్ పెంచేకొద్దీ అలాంటి అతుకులు ఎక్కువవుతాయి.

ఇక హైడ్రోజన్. పొడి మీది ఆక్సైడ్‌ని తొలగించేది అదే, కాబట్టి అది లేకుండా కుదరదు. ఆ క్రమంలో నీటి ఆవిరి పుడుతుంది. రంధ్రాలు మూసుకునేలోపు అది బయటికి పోకపోతే లోపల బుడగలు మిగిలిపోతాయి. అందుకే వేడిని నెమ్మదిగా పెంచాలి. పైగా, లోహంలో మిగిలిన హైడ్రోజన్ దాన్ని పెళుసు చేస్తుంది. సింటరింగ్ అయ్యాక వాక్యూమ్‌లోనో ఆర్గాన్ వాయువులోనో మళ్లీ 1,000 డిగ్రీల పైన వేడి చేసి, హైడ్రోజన్‌ని బయటికి పంపి, వెంటనే చల్లార్చాలి. మెల్లగా చల్లారితే ఫాస్ఫరస్, గంధకం లాంటి మలినాలు గింజల అంచుల్లో చేరి పట్టు సడలిస్తాయి. నా దృష్టిలో మిశ్రమం మంచి చెడ్డలు తేలేది ఈ దశలోనే. ఏ కొత్త లోహమూ కలపకుండానే, అదే కడ్డీ విరిగే బదులు సాగడం నేర్చుకుంటుంది.

యుద్ధ ట్యాంకుల కవచాన్ని ఛేదించే కడ్డీలకి ఇదీ చాలదు. వాటిని చుట్టూ సుత్తులతో కొట్టి సన్నగా సాగదీస్తారు. దాన్ని స్వేజింగ్ అంటారు. బలం పెరుగుతుంది, సాగే గుణం తగ్గుతుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల (డీఎంఆర్ఎల్) శాస్త్రవేత్తలు ఈ మిశ్రమాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్‌కి అడ్డుపెట్టే దిమ్మెకి మాత్రం ఈ సుత్తి దెబ్బలు అక్కర్లేదు. అక్కడ కావలసింది బరువే.