పద్దెనిమిది నిండని పిల్లల సంపాదన, తల్లిదండ్రుల పన్ను: అపోహలు - వాస్తవాలు

జూలై వచ్చిందంటే మా ఆఫీసులో ఒకే ప్రశ్న పదేపదే వినిపిస్తుంది. "మా అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదండీ, దాని సంపాదన నా రిటర్నులో కలిపేయాలి కదా?" అని అడిగేవారు కొందరు. అడగకుండానే కలిపేసి, పన్ను కూడా కట్టేసి, ఏడాది తిరిగాక కాగితాల సంచితో వచ్చేవారు మరికొందరు. రాజమహేంద్రవరంలో ఇరవై రెండేళ్లుగా రిటర్నులు వేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, మైనర్ల ఆదాయం విషయంలో మధ్యతరగతి కుటుంబాలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ ఒక్క అపోహే.

"మైనరు ఆదాయం ఏదైనా తండ్రి ఆదాయంలో కలుస్తుంది" అన్న మాట సగమే నిజం. పిల్లల పేరున ఆస్తులు, డిపాజిట్లు పెట్టి పన్ను తప్పించుకోవడాన్ని అరికట్టడానికి 1992 ఫైనాన్స్ చట్టం ద్వారా 1961 ఆదాయపు పన్ను చట్టంలో 64(1ఎ) సెక్షన్‌ను చేర్చారు. మైనరు బిడ్డకు వచ్చే ఆదాయాన్ని తల్లిదండ్రుల ఆదాయంలో కలపాలని ఆ సెక్షన్ చెబుతుంది. అయితే అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది. బిడ్డ స్వయంగా చేసిన శారీరక శ్రమ వల్ల గానీ, తన నైపుణ్యం, ప్రతిభ, ప్రత్యేక పరిజ్ఞానం, అనుభవం ఉపయోగించి చేసిన పని వల్ల గానీ వచ్చిన ఆదాయానికి ఈ కలిపివేత వర్తించదు. పెళ్లిళ్ల సీజనులో వడ్డనకు వెళ్లే పదిహేడేళ్ల కుర్రవాడి కూలి, కూచిపూడి ప్రదర్శనకు అమ్మాయి అందుకున్న పారితోషికం, సినిమాలో వేషం వేసిన బాలనటుడి రెమ్యూనరేషన్, వీటన్నిటికీ పన్ను లెక్క ఆ పిల్లల పేరునే విడిగా వేయాలి. పని చేసిన బిడ్డ వయసు పదహారైనా ఆరైనా ఇందులో తేడా లేదు.

2024 నవంబరులో ఒక తండ్రి వచ్చారు. ప్రభుత్వరంగ సంస్థలో ఇంజినీరు, పాత పన్ను విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్నారు. పదిహేడేళ్ల కూతురు పెళ్లి రిసెప్షన్లలో వయొలిన్ వాయిస్తుంది. 2023-24 సంవత్సరంలో ఒక ఈవెంట్ సంస్థ ఆమెకు 2,40,000 రూపాయలు చెల్లించి, అందులో 10 శాతం, అంటే 24,000 రూపాయలు టీడీఎస్‌గా (చెల్లించేవారు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) ఆమె పాన్ మీద జమచేసింది. అంతకుముందు రిటర్ను వేసిపెట్టిన కన్సల్టెంటు ఆ మొత్తమంతా తండ్రి ఆదాయంలో కలిపారు. సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున 74,880 రూపాయలు ఆయన జేబులోంచి పోయింది. టీడీఎస్ కూతురి 26ఏఎస్‌లో, అంటే ఆమె పాన్ మీద జమైన పన్నుల పట్టికలో, ఉండడంతో దాన్నీ క్లెయిమ్ చేయలేదు. నిజానికి ఆ అమ్మాయి ఆదాయం పన్ను పడే కనీస పరిమితి దాటలేదు కాబట్టి పన్ను సున్నా. ఆమె పేరున రిటర్ను వేసి ఉంటే 24,000 కూడా వెనక్కి వచ్చేది. రెండూ కలిపితే 98,880 రూపాయలు. "దాని కొత్త వయొలిన్‌కు దాచిన డబ్బండీ" అని ఆయన మెల్లగా అన్నారు.

ఆ ఏడాదికి సంబంధించి సవరణ రిటర్ను గడువు డిసెంబర్ 31 వరకు ఉండటంతో తండ్రి రిటర్ను సవరించి, అమ్మాయి పేరున ఆలస్యపు రిటర్ను వేశాము. అంతకు ముందు ఏడాది సంగతే కష్టమయింది. మామూలు గడువులు దాటాక కూడా నాలుగేళ్ల వరకు వేసుకోదగిన అప్‌డేటెడ్ రిటర్ను ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు గానీ, పన్ను తగ్గించుకోవడానికో రీఫండ్ పొందడానికో దాన్ని వాడడం కుదరదు. అందుకని తండ్రి తరఫున 264 సెక్షన్ కింద కమిషనరుకు రివిజన్ పిటిషను (పునఃపరిశీలన కోరే అర్జీ) పెట్టాము. దానికి, రిటర్ను పరిశీలించాక శాఖ పంపే ఇంటిమేషన్ అందిన నాటి నుంచి ఒక్క ఏడాదే గడువు, మాకు మిగిలింది మూడు వారాలు. అమ్మాయి రీఫండ్ కోసం 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని వేరే దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. మొదటే సరిగ్గా వేసి ఉంటే పది నిమిషాల పని అది.

ఇక రెండో సగం. మొదటి విషయం తెలిసినవారు సైతం పొరపడేది ఇక్కడే. "సంపాదన అమ్మాయిదే అయినప్పుడు, ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ కూడా అమ్మాయిదే కదా?" అని ఆ తండ్రే అడిగారు. కాదు. కూతురి పేరున ఉన్న 3,00,000 రూపాయల డిపాజిట్ రసీదును ఆయన నా బల్ల మీద పెట్టారు. 7 శాతం చొప్పున ఏడాదికి 21,000 వడ్డీ. అసలు ఆమె వయొలిన్ వాయించి తెచ్చినదే, కానీ వడ్డీ మాత్రం వాయించినందుకు వచ్చినది కాదు, డిపాజిట్ వల్ల వచ్చింది. మినహాయింపు పనికి ప్రతిఫలంగా వచ్చిన ఆదాయానికే పరిమితం, ఆ డబ్బు మళ్లీ పుట్టించే ఆదాయానికి లేదు. అందువల్ల 2,40,000 అమ్మాయి లెక్క, 21,000 తండ్రి లెక్క. ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన బాధ నాకు అర్థమైంది. బిడ్డ కష్టార్జితం మీద వడ్డీకి తాను పన్ను కట్టడం అన్యాయమనే ఎవరికైనా అనిపిస్తుంది. చట్టం మాత్రం అలాగే ఉంది.

ఇలాంటి కుటుంబాలకు నేను సాధారణంగా రెండు మార్గాలు చెబుతాను. ఒకటి, మైనరు పేరున పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా. దాని వడ్డీకి అసలు పన్నే లేదు కాబట్టి కలిపినా భారం పడదు. అయితే సంరక్షకుడి సొంత ఖాతాతో కలిపి ఏడాదికి 1,50,000 రూపాయలకు మించి వేయకూడదు. రెండోది, ఏటా ఆదాయం చేతికివ్వని గ్రోత్ పద్ధతి మ్యూచువల్ ఫండ్ యూనిట్లు. లాభం అమ్మినప్పుడే పుడుతుంది కాబట్టి, పద్దెనిమిది నిండిన తరువాత అమ్మితే ఆ లాభం బిడ్డ సొంత లెక్కలోకి వస్తుంది. మార్కెట్ ఒడిదుడుకులకు సిద్ధపడని వారికి మాత్రం ఈ రెండోది నేను సలహా ఇవ్వను.

కలపాల్సిన ఆదాయం ఎప్పుడూ తండ్రికే చేరుతుందన్నది మరో అపోహ. బిడ్డ ఆదాయాన్ని పక్కన పెట్టి చూసినప్పుడు తల్లిదండ్రులిద్దరిలో ఎవరి మొత్తం ఆదాయం ఎక్కువో వారికే కలుస్తుంది. తల్లి గెజిటెడ్ ఉద్యోగి, తండ్రి చిన్న కిరాణా వ్యాపారి అయిన ఇంట్లో అది తల్లి రిటర్నులోకే వెళ్తుంది. విడాకులు తీసుకున్నవారి విషయంలో ఆ సంవత్సరం బిడ్డను పోషించినవారికి కలుస్తుంది. ఒకసారి ఒకరికి కలిపాక, తరువాతి సంవత్సరాల్లో పన్ను తక్కువ పడుతుందని మన ఇష్టానుసారం రెండోవారికి మార్చుకునే వీలు లేదు. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల ఆదాయం, పెంచుతున్న మేనమామకో తాతగారికో కలవదు. ఈ సంగతి తెలియక ఒక తాతగారు తన పెన్షనుతో పాటు మనవడి డిపాజిట్ వడ్డీని కూడా ఏటా చూపించుకుంటూ వచ్చారు.

వైకల్యం ఉన్న పిల్లల విషయాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. 80యు సెక్షన్‌లో పేర్కొన్న రీతిలో, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్న మైనరు బిడ్డకు వచ్చే ఏ ఆదాయమూ, వడ్డీతో సహా, తల్లిదండ్రులకు కలవదు. బిడ్డ భవిష్యత్తు ఏమవుతుందోనన్న బెంగతో పైసా పైసా కూడబెట్టి డిపాజిట్ చేసే తల్లులు ఆ వడ్డీకి కూడా తామే పన్ను కట్టడం చూశాను. ధ్రువపత్రం బీరువాలోనే ఉంటుంది గానీ, దానికీ పన్నుకూ సంబంధముందని వారికి ఎవరూ చెప్పి ఉండరు.

"పిల్లవాడికి పాన్ తీసుకుంటే నోటీసులు వస్తాయట" అన్న వాట్సాప్ ప్రచారం మీద నాకు ఓపిక నశించింది. పాన్ కార్డు వల్ల నోటీసు రాదు. పాన్ లేకపోతేనే నష్టం, ఎందుకంటే 10 శాతం కోయాల్సిన చోట 20 శాతం కోస్తారు, ఆ సొమ్ము ఎవరి ఖాతాలోనూ కనిపించదు. మైనరుకు తల్లి గానీ తండ్రి గానీ ప్రతినిధిగా పాన్ తీసుకోవచ్చు, రిటర్నూ వేయవచ్చు. 1,500 రూపాయల మినహాయింపు గురించి అడిగేవారికి ఒక్క మాట: అది కలిపిన ఆదాయం మీద, బిడ్డకు ఏడాదికి ఒకసారి, పాత విధానంలో మాత్రమే. కొత్త విధానంలో లేదు. సొంత దుకాణంలో కొడుకుకు జీతం ఇచ్చినట్టు రాసుకుంటే చాలునన్న సలహా కూడా వినవద్దు. వాడు నిజంగా పని చేయాలి, జీతం ఆ పనికి తగినట్టు ఉండాలి, డబ్బు వాడి ఖాతాకు వెళ్లాలి.

ఖాతా మాట వచ్చింది కాబట్టి యూట్యూబ్ చేసే పిల్లల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. యూట్యూబ్ ప్రకటనల డబ్బు అందే యాడ్‌సెన్స్ ఖాతా తెరిచేవారికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి కనుక, ఛానల్ నడిపేది పిల్లవాడైనా డబ్బు తండ్రి ఖాతాలో పడుతుంది, ఆయన ఏఐఎస్‌లో, అంటే పన్ను శాఖ దగ్గరుండే ఆయన ఆదాయాల పట్టికలో, కనిపిస్తుంది. ప్రతిభ పిల్లవాడిదని వాదించవచ్చు గానీ, కాగితాలన్నీ తండ్రి పేరున ఉన్నప్పుడు నిరూపించే భారం మన మీదే పడుతుంది. బ్రాండ్ల నుంచి నేరుగా వచ్చే చెల్లింపులైనా మొదటి రోజు నుంచి పిల్లవాడి పాన్, పిల్లవాడి బ్యాంకు ఖాతా మీద జరిగేలా చూసుకోండి. ఒప్పందం మీద సంరక్షకుడిగా మీరు సంతకం పెట్టండి, పని ఎవరు చేశారో అందులో స్పష్టంగా రాయించండి.

కొత్త చట్టంతో ఇదంతా పోతుందన్న మాట కూడా నిజం కాదు. 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల సంఖ్యలు మారాయి గానీ, మైనరు ఆదాయాన్ని కలపడమూ, శ్రమకూ ప్రతిభకూ ఉన్న మినహాయింపూ అలాగే ఉన్నాయి.

ఆ వయొలిన్ అమ్మాయికి 2025 ఆగస్టులో పద్దెనిమిది నిండాయి. పుట్టినరోజు వచ్చిన ఏడాదంతా ఆదాయం బిడ్డదే అవుతుందని ఆమె తండ్రి అనుకున్నారు. అలా కాదు. ఏప్రిల్ 1 నుంచి ఆమె పుట్టినరోజు ముందు రోజు వరకు వచ్చిన వడ్డీ తండ్రి రిటర్నులో, ఆ తరువాతది ఆమె రిటర్నులో చూపాలి. బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌లో ఏడాది మొత్తానికి ఒకే అంకె ఉంటుంది కాబట్టి, పుట్టినరోజును హద్దుగా పెట్టి రెండు భాగాలుగా లెక్క రాసి ఇమ్మని బ్రాంచికి ఒక ఉత్తరం రాయించాను. ఆ ఉత్తరం కింద సంతకం మాత్రం ఈసారి అమ్మాయే చేసింది.