బోర్డు కాలలేదు, కరెంటు చాలట్లేదు: నడిచే రోబో కిట్ల మీద అపోహలు - వాస్తవాలు

ఈ వారంలో ఇది నాలుగో ఫోను. "సార్, బోర్డు పోయింది. కొత్తది ఎంత?"

హనుమకొండలో నా బల్ల మీదికి వచ్చే నడిచే రోబోలకు చాలావరకు జబ్బు ఒకటే. వరంగల్ ఎన్‌ఐటీ టెక్ ఫెస్ట్ టెక్నోజియాన్ దగ్గర పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. స్విచ్ వేయగానే కాళ్లు ఒక్కసారి అదురుతాయి, సగం లేస్తాయి, కూలబడతాయి, మళ్లీ అదురుతాయి. రోబోను నడిపే కంట్రోలర్ బోర్డు మీది లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. పిల్లలు కోడ్ పదిసార్లు మారుస్తారు. తర్వాత బోర్డు మారుస్తారు. ఆ తర్వాత ఇంకో బోర్డు. బ్యాటరీ జోలికి మాత్రం పోరు. అడిగితే "మీటర్‌లో ఫుల్ చూపిస్తుంది సార్" అంటారు.

అపోహ: మీటర్‌లో వోల్టేజీ బాగానే ఉంది, కాబట్టి కంట్రోలరే పోయింది.

వాస్తవం: లోడు లేకుండా కొలిచిన వోల్టేజీతో తేలేది ఏమీ లేదు. ఎస్‌జీ90 లాంటి చిన్న సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటరు, కాళ్లను కదిపేది ఇదే) బిగుసుకుపోతే 5 వోల్టుల దగ్గర 600, 700 మిల్లీ ఆంప్స్ దాకా లాగుతుంది. నాలుగు కాళ్ల సాలీడు కిట్‌లో అవి 12. అన్నీ ఒకేసారి బిగుసుకుంటే లెక్క 8 ఆంప్స్ దగ్గరికి పోతుంది. నడుస్తున్నప్పుడు అంత లాగదు, నిజమే. కానీ స్విచ్ వేసిన తొలి క్షణం చూడండి. పన్నెండూ ఒక్కసారే నిలబడే పొజిషన్‌కి దూకుతాయి, పైన రోబో బరువు ఉండనే ఉంది. దానికి మనం ఇస్తున్నదేంటి? ల్యాప్‌టాప్ మామూలు యూఎస్‌బీ అయితే 500 మిల్లీ ఆంప్స్. వోల్టేజీ తగ్గించి ఇచ్చే ఎల్‌ఎం2596 బక్ కన్వర్టర్ అయితే కాగితం మీద 3 ఆంప్స్. చిన్న డబ్బా లాంటి 9 వోల్టుల బ్యాటరీ అయితే, దండం పెడతా, అది మల్టీమీటర్ కడుపులో ఉండాల్సిన సరుకు.

కరెంటు చాలకపోతే వోల్టేజీ పడిపోతుంది. ఆర్డుయినో యూనో, నానో బోర్డుల్లోని ఏటీమెగా328 చిప్పు 16 మెగాహెర్ట్జ్‌లో సరిగ్గా నడవాలంటే సుమారు 3.8 వోల్టులు ఉండాలి. యూనోలో బ్రౌన్‌అవుట్ రీసెట్ (వోల్టేజీ పడిపోతే చిప్పును ఆపి మళ్లీ మొదలుపెట్టడం) పడేది మాత్రం 2.7 దగ్గర. మధ్యలో చిక్కుకుంటే చిప్పు ఆగనూ ఆగదు, సరిగ్గా పనీ చేయదు. ఒక కాలు ఎటో పోతుంది, మనం కోడ్‌ను తిడతాం. ఈఎస్‌పీ32 బోర్డు కొంచెం నయం, 'బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్' అని సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే మాటలు ల్యాప్‌టాప్‌లో కనిపించే కిటికీ) తనే ఒప్పుకుంటుంది. చదివి వచ్చేవాళ్లే తక్కువ. మరి మీటర్ ఎందుకు పట్టదంటే, మామూలు మల్టీమీటర్ సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది. వోల్టేజీ పడి లేచేది మిల్లీసెకన్లలో.

మొన్న నర్సంపేట దిక్కు నుంచి ఒక రైతు, తొమ్మిదో తరగతి చదివే బిడ్డను తీసుకుని వచ్చాడు. పేపర్లో చుట్టిన మూడు బోర్డులు సంచిలోంచి తీసి వరసగా పెట్టాడు. "మూడోది గూడ పోయింది సారూ. మీరే కాల్చిన్రు అన్నడు అమ్మినాయిన. పిల్ల రెండు దినాల సంది సరిగ తింటలేదు." ఆ పిల్ల తల ఎత్తలేదు. తనే కాల్చానని నమ్మేసింది పాపం. మూడింటినీ ఒక్కోటిగా యూఎస్‌బీకి తగిలించాను. మూడూ వెలిగాయి, మూడింట్లో కోడ్ ఎక్కింది. సర్వోల లైనుకు నా బల్ల మీది పవర్ సప్లై కలిపి 5 వోల్టులు ఇచ్చాను. రోబో లేచి నిలబడింది. పిల్ల నాన్న చెయ్యి పట్టుకుంది.

ఆయనకు ఆంప్స్ అని చెప్తే ఏం లాభం? "అన్నా, కరెంటు రాంగనే ఊర్లె ఆటో స్టార్టర్లన్నీ ఒక్కపారే లేస్తే నీ మోటరు ఏమంటది?"

"మూలుగుతది. లో వోల్టేజి."

"గిదీ గంతే."

కాసేపు రోబోనే చూసి, "మరి ఒకదాని ఎన్క ఒకటి లేపరాదు?" అన్నాడు. మేం కోడ్‌లో చేసేదే అది. ఒక్కో సర్వోను అటాచ్ చేస్తూ మధ్యలో 200 మిల్లీసెకన్లు ఆగడం. దాంతోపాటు 5 వోల్టులు, 5 ఆంప్స్ ఇచ్చే యూబెక్ (బ్యాటరీ వోల్టేజీ తగ్గించి సర్వోలకు ఇచ్చే చిన్న సర్క్యూట్) ఒకటి వేసి పంపాను.

నాకైనా మొదట్లో ఎక్కడ తెలుసు? బీటెక్‌లో బ్రెడ్‌బోర్డ్ (తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టే ప్లాస్టిక్ పలక) మీదుగా సర్వోలకు కరెంటిచ్చి, రోబో పడిపోతుంటే వారం రోజులు నడక లెక్కలు తిరగరాశాను. చివరికి అనుకోకుండా ఎర్ర జంపర్ వైరు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. అంత కరెంటు ఆ సన్న తీగ మోసే బరువు కాదు.

కొత్త బోర్డు కొనేముందు ఇంట్లోనే చూసుకోండి. కోడ్‌లోని సెటప్ మొదట్లో 'మొదలైంది' అని సీరియల్‌లో ప్రింట్ పెట్టండి. కాలు లేచినప్పుడల్లా ఆ మాట మళ్లీ వస్తే బోర్డు రీసెట్ అవుతున్నట్టు. సర్వోల ప్లగ్గులన్నీ పీకి ఒక్కోటి పెడుతూ రండి. మూడు దాకా బాగుండి నాలుగోదానికి పడిపోతే బోర్డును అనకండి. ల్యాప్‌టాప్‌కి ఉంటే నడిచి, తీస్తే పడిపోతుందా? అదీ కరెంటు గొడవే, బోర్డుకు యూఎస్‌బీ విడిగా తిండి పెడుతోంది కాబట్టి బతికింది.

మిగతావి గబగబా.

కరెంటును కాస్త దాచుకుని ఇచ్చే పెద్ద కెపాసిటర్ పెడితే అన్నీ సర్దుకుంటాయని ఒక మాట. 1000 మైక్రోఫారడ్లది 1 ఆంప్ లోటును భరిస్తే ఒక్క మిల్లీసెకనులో 1 వోల్టు పడిపోతుంది. సర్వో 60 డిగ్రీలు తిరగడానికే 100 మిల్లీసెకన్లు కావాలి. పెట్టండి, మంచిదే, అది సప్లైకి బదులు కాదు.

సర్వోలకు వేరే బ్యాటరీ పెడితే గ్రౌండ్లు (నెగటివ్ తీగలు) కలపకూడదు, షార్ట్ అవుతుంది అంటారు. తప్పు. కలపాల్సిందే. కలపకపోతే సిగ్నల్ దేన్ని చూసి కొలుచుకోవాలో తెలియక సర్వోలు పూనకం వచ్చినట్టు ఊగుతాయి.

9800 ఎంఏహెచ్ అని రాసిన 18650 సెల్ (గుండ్రటి లిథియం బ్యాటరీ) కొనకండి. ఆ సైజులో మంచి సెల్ మామూలుగా 3500 దగ్గరే ఆగిపోతుంది. పాత ల్యాప్‌టాప్ ప్యాక్ చీల్చి తీసిన సెల్స్‌కు నేరుగా సోల్డరింగ్ పెట్టకండి, ఇది చేతులు పట్టుకుని చెప్తున్నా.

కోడ్ ఎక్కకపోతే బోర్డు చచ్చినట్టు కాదు. ఛార్జింగ్ మాత్రమే అయ్యే కేబుల్ కావచ్చు, బోర్డు మీది యూఎస్‌బీ చిప్పు సీహెచ్340కి ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ లేకపోవచ్చు, నానో అయితే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో 'ఓల్డ్ బూట్‌లోడర్' ఎంచుకోవాల్సి రావచ్చు.

ఇక బక్ కన్వర్టర్ కొన్నప్పుడే 5 వోల్టులకు సెట్ చేసి వస్తుందనుకోవడం. రాదు. మీద చిన్న ఇత్తడి స్క్రూ ఉంటుంది. ముందు మీటర్ పెట్టి దాన్ని తిప్పి, 5 దగ్గర నిలిచాకే సర్వోల ప్లగ్గు పెట్టాలి. తొందరపడి నేను మూడు సర్వోలు పోగొట్టుకున్నాను. షట్టర్ మొత్తం ఎత్తి ఫ్యాన్ వేసినా ఆ వాసన సాయంత్రం దాకా పోలేదు.